వాపు మాత్రలు, రక్తనాళపు లోపొర

షోలాపూర్ తూర్పు పేటల్లోని మందుల దుకాణాల ముందు సాయంత్రం వేళ తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "వాపు మాత్రలు రెండివ్వండి." పగలంతా మరమగ్గం దగ్గర నిలబడిన మోకాళ్లకూ, బీడీలు చుడుతూ వంగి కూర్చున్న నడుముకూ, పంటి నొప్పికీ, జ్వరం తగ్గాక మిగిలిన ఒళ్లునొప్పులకూ అడిగేది ఆ మాత్రలనే. నొప్పి తగ్గుతుంది, మరునాడు పనికి పోవడం వీలవుతుంది. రోజు కూలి మీద బతికే ఇంటికి అది చిన్న మేలు కాదు. అయితే మోకాటికి చేరవలసిన మందు రక్తనాళాల గుండానే ప్రయాణించాలి. ఆ నాళాల లోపలి గోడకు శోథాన్ని రేపే సందేశాలూ, చల్లార్చే సందేశాలూ ఎల్లవేళలా అందుతూ ఉంటాయి. కొన్ని వాపు మాత్రలు మోకాటి నొప్పిని ఆపుతూనే, గోడను కాపాడే సందేశాలలో ఒకదానిని కూడా ఆపివేస్తాయి. ఈ సంగతి తెలియకుండా నెలల తరబడి మింగేవారికి కలిగే నష్టం మోకాటిలో కనిపించదు, గుండెలో కనిపిస్తుంది.

ఇక్కడ మాటను గూర్చి ఒక మాట. వైద్యులు ఒకే పేరుతో పిలిచే స్థితికి తెలుగులో వాపు, మంట, తాపం, శోథం అని నాలుగు పేర్లు వాడుకలో ఉన్నాయి. వాపు కంటికి కనబడేది, మంట చర్మానికి తెలిసేది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. రక్తనాళం లోపల జరిగేదానికి ఈ నాలుగింటిలో ఒక్కటీ బయటికి కనబడదు. అందుచేత ఇక్కడ శోథం అనే మాటనే వాడడం జరిగింది.

గుండె నుంచి బయలుదేరిన పెద్ద ధమని మొదలు వెంట్రుక కన్న సన్నని కేశనాళిక వరకు, రక్తం తాకే ప్రతి చోటా గోడకు ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది. మనిషి శరీరంలో ఇటువంటి కణాలు లక్ష కోట్లకు పైగా ఉంటాయని అంచనా. తిన్నగా సాగే ధమనిలో ఇవి రక్త ప్రవాహపు దిశకు పొడుగ్గా సాగి, మగ్గం మీద పడుగు పోగులవలె ఒకే వైపుకు తీరి ఉంటాయి. ధమని వంపు తిరిగే చోట, రెండుగా చీలే చోట ప్రవాహం సుడులు తిరుగుతుంది. అక్కడ ఈ తీరు చెదరి, కణాలు అడ్డదిడ్డంగా గుండ్రని ఆకారంలో ఉంటాయి. కొవ్వు పేరుకొని నాళం పూడిపోవడం కూడా ఎక్కువగా ఆ వంపుల దగ్గర, చీలికల దగ్గర మొదలవుతుంది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే కొలెస్టరాల్. అయినా ఒక చోట గోడ చెడుతుంది, జానెడు దూరంలో చెడదు.

చాలాకాలం ఈ పొరను గోడకు వేసిన సున్నం పూతవంటిదిగానే భావించారు. ఆ భావన మారడానికి కారణం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు. రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఔషధ శాస్త్రవేత్త కుందేలు ధమనిని సన్నని పట్టీలుగా కోసి, వాటిపై మందులు వేసి, అవి బిగుసుకోవడం, సడలడం కొలిచేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని బతికి ఉన్న జంతువు రక్తంలోకి ఎక్కిస్తే నాళాలు సడలి రక్తపోటు తగ్గుతుంది. కాని ఆయన పట్టీలపై వేస్తే అవి బిగుసుకునేవి. ఈ వైరుధ్యం ఏళ్ల తరబడి విడలేదు. 1978లో ఆయన సహాయకుడు ప్రయోగంలోని మెట్ల వరుసను తప్పి చేశాడు. పట్టీ బిగుసుకోవడానికి బదులు సడలింది. వెదకగా తేలింది ఇది: పట్టీ కోసేటప్పుడు దాని లోపలి ముఖం వేలికో, మరో వస్తువుకో రాసుకొని కణాల వరుస ఊడిపోతున్నది. పొర ఉన్న ముక్క సడలుతుంది, పొర పోయిన ముక్క బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఆయన చేసిన ప్రయోగం చదువరులకు మరింత నచ్చుతుంది. పొర ఊడిన పట్టీ మీద పొర ఉన్న మరొక పట్టీని రెండు రొట్టెలవలె ఎదురెదురుగా అంటించి మందు వేశాడు. పొర లేని పట్టీ కూడా సడలింది. అంటే పొర నుంచి ఏదో పదార్థం వెలువడి పక్క కండరానికి చేరుతున్నది. 1980లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తేలడానికి మరి ఏడేళ్లు పట్టింది. 1998లో ఫర్చ్‌గాట్‌కు, లూయీ ఇగ్నారోకు, ఫెరీద్ మురాద్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఈ వాయువునే విడుదల చేస్తుంది. ఆ బహుమతిని స్థాపించిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు కూడా చివరి ఏళ్లలో గుండె జబ్బుకు వైద్యులు నైట్రోగ్లిసరిన్‌నే రాసి ఇచ్చారు. ఆయన సంపద వచ్చిందీ అదే పదార్థంతో చేసిన డైనమైట్ నుంచే.

నైట్రిక్ ఆక్సైడ్ ఆయుష్షు కొన్ని సెకన్లు మాత్రమే. ఆ కొద్ది క్షణాల్లోనే అది నాళాన్ని సడలించి, ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపి, తెల్ల రక్తకణాలు గోడకు అంటుకోకుండా చూస్తుంది. ఈ మూడో పని శోథానికి నేరుగా సంబంధించినది. దానిని గ్రహించడానికి ముందుగా శోథం ఎట్లా మొదలవుతుందో చూడవలసి ఉంటుంది.

శరీరంలో ఎక్కడైనా సూక్ష్మజీవి ప్రవేశించినా, కణాలు గాయపడినా అక్కడి కాపలా కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేత అణువులను విడుదల చేస్తాయి. ఇవి నాళపు లోపొర కణాల పైనున్న గ్రాహకాలకు తగులుతాయి. తాళానికి చెవి కుదిరినట్టు అవి కుదరగానే కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీను బంధం విడిపించుకొని కేంద్రకంలోకి ప్రవేశించి, అంతవరకు మూసి ఉన్న కొన్ని జన్యువులను తెరుస్తుంది. కొద్ది గంటల్లో కణం ఉపరితలంపై కొక్కేల వంటి అణువులు మొలుస్తాయి. రక్తంలో వేగంగా పోతున్న తెల్లకణం మొదటి రకం కొక్కేనికి తగిలి దొర్లుతుంది, రెండో రకానికి గట్టిగా అంటుకుంటుంది, ఆ తర్వాత రెండు లోపొర కణాల మధ్య సందులోంచి కణజాలంలోకి జారిపోతుంది. కణాల మధ్య అతుకులు కూడా వదులై, రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది. ముల్లు గుచ్చుకున్న వేలు ఉబ్బడానికి కారణం ఇదే. ఇది జబ్బు కాదు, రక్షణ. ముల్లు తీసి, చీము పోయాక ఈ కొక్కేలు ఉపసంహరించబడి, సందులు మూసుకుపోవాలి. అట్లా మూసుకోకుండా నాళమంతటా సన్నగా ఏళ్ల తరబడి సాగితేనే అది జబ్బు.

మూసుకొమ్మని చెప్పే సందేశాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ సంగతి చెప్పుకున్నాము: అది ఎన్ఎఫ్-కప్పా-బి జోరును తగ్గించి, కొక్కేలు మొలవకుండా చూస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1కు విరుగుడుగా శరీరం తానే ఒక నకిలీ అణువును తయారు చేసుకుంటుంది. అది గ్రాహకంలో కూర్చుంటుంది కాని లోపలికి ఏ కబురూ పంపదు, అసలు అణువుకు చోటు దొరకదు. టీజీఎఫ్-బీటా అనే మరొకటి లోపొర కణాలపై కొక్కేల సంఖ్యను తగ్గిస్తుంది. యాంజియోపాయిటిన్-1 అనేది లోపొరకు బయట అంటిపెట్టుకొని ఉండే కణాల నుంచి నిరంతరం అందుతూ, అతుకులు బిగువుగా ఉంచుతుంది. దీనికి జోడీ అయిన యాంజియోపాయిటిన్-2 లోపొర కణాల లోపలే పొడుగాటి సంచుల్లో నిల్వ ఉండి, ప్రమాదం వచ్చినప్పుడు క్షణాల్లో బయటికి వచ్చి మొదటిదాని పనిని అడ్డగిస్తుంది. ఆ సంచులను 1964లో మొదట వర్ణించినవారు ఎవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడే.

ఈ వరుసలో శాస్త్రజ్ఞులు అన్నింటికన్న ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఇంటర్‌ల్యూకిన్-10 మీద. 1989లో కాలిఫోర్నియాలో టిమ్ మోస్మన్ బృందం దీనిని కనుగొన్నప్పుడు, సైటోకైన్ల తయారీని ఆపే పదార్థమని పేరు పెట్టారు. ఆ పేరే దాని పని. కాపలా కణాలు టీఎన్ఎఫ్ వంటి సంకేతాలను తయారు చేయకుండా అది ఆపుతుంది. అందుచేత లోపొరకు రేపే కబురే తక్కువగా చేరుతుంది. దీని జన్యువు లేకుండా పెంచిన ఎలుకల్లో ధమనుల్లో కొవ్వు పేరుకోవడం ఎక్కువైంది. మధుమేహం కలిగించినప్పుడు అటువంటి ఎలుకల ధమనులు సడలే శక్తిని కోల్పోయాయి. నైట్రిక్ ఆక్సైడ్‌ను తగలబెట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు వాటిలో పెరిగిపోవడమే కారణంగా కనిపించింది. ఇవన్నీ చూసి, ఇంటర్‌ల్యూకిన్-10ను మందుగా ఎక్కిస్తే సరిపోతుందని అనిపించడం సహజం. పేగుల శోథంతో బాధపడేవారికి అట్లా ఇచ్చి చూశారు. ఆశించినంత ఫలం రాలేదు. తీవ్రమైన డెంగ్యూలో రోగుల రక్తంలో ఈ అణువు తక్కువగా కాదు, ఎక్కువగా ఉంటుంది. చల్లార్చే అణువు ఎక్కువైతే మేలే జరుగుతుందన్న లెక్క శరీరంలో చెల్లదు. ఎక్కడ, ఏ వేళ, ఏ కణానికి అందిందన్నదే ముఖ్యం.

మనుషుల్లో ఈ సంగతిని నేరుగా పరీక్షించిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. దాని పేరు కాంటోస్. ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో శోథ సూచిక ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకొని, కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1లో ఒక రకాన్ని పట్టి ఆపే కెనకినుమాబ్ అనే సూది మందు, కొందరికి మందులేని సూది మూడు నెలలకొకసారి ఇచ్చారు. కొలెస్టరాల్ ఏమీ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు పొందినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధమైన మరణం కలిపి 15 శాతం తగ్గాయి. శోథాన్ని ఆపితే గోడకు మేలని మొదటిసారి స్పష్టంగా రుజువైంది. అయితే అదే మందు పొందినవారిలో ప్రాణాంతకమైన అంటురోగాలు కొద్దిగా పెరిగాయి. మొత్తం మరణాల సంఖ్యలో తేడా రాలేదు. ముల్లు గుచ్చుకున్నప్పుడు పనికివచ్చే రక్షణ కూడా తగ్గిందన్నమాట. పైగా దాని ధర సామాన్యులకు అందేది కాదు. మరుసటి సంవత్సరం, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే గుండెకు ఏ మేలూ జరగలేదు. అదీ శోథాన్ని తగ్గించే మందే. కాని గోడకు ముఖ్యమైన సందేశం అది ఆపినది కాదు.

చవకైన మందుల్లో ఆసక్తి రేపినది కోల్చిసిన్. ఇది వాతపు నొప్పికి ఎంతో కాలంగా వాడుకలో ఉన్నదే. తెలుగులో అడవినాభి అని పిలిచే తీగలో ఇది ఉంటుంది. ఎర్ర పసుపు రేకులు మంటలా పైకి లేచే ఆ పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం. ఆ రాష్ట్రపు మెట్ట ప్రాంతాల్లో గింజల కోసం రైతులు దీనిని సాగు చేస్తారు. రోజుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున గుండె రోగులకు ఇచ్చిన రెండు అధ్యయనాల్లో, 2019లోను 2020లోను, గుండె సంబంధమైన ఘటనలు తగ్గాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దీనికి అనుమతి ఇచ్చింది. 2024లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న మరొక అధ్యయనంలో మేలు కనిపించలేదు. వాదం ఇంకా సాగుతున్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని యాంటీబయోటిక్ మందులు వాడుతున్నవారికి ఇది విషమవుతుంది. ఆ దుంపను నాటు వైద్యం పేరుతో నూరి తాగడం ప్రాణాలు తీసే పని అని వేరుగా చెప్పక తప్పదు.

ఇక దుకాణంలో అడిగే వాపు మాత్ర దగ్గరికి రావచ్చు.

1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్పిరిన్ ఎట్లా పని చేస్తుందో చూపాడు: నొప్పినీ జ్వరాన్నీ కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అది ఆపుతుంది. ఐదేళ్ల తర్వాత, 1976లో ఆయన బృందమే రక్తనాళపు గోడ నుంచి మరొక పదార్థాన్ని కనుగొంది. దాని పేరు ప్రోస్టాసైక్లిన్. ఇది నాళాన్ని సడలిస్తుంది, ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపుతుంది. లోపొర తనను తాను కాపాడుకునే సందేశాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌కు సాటి వచ్చేది. చిక్కు ఎక్కడంటే, మోకాటిలో నొప్పి కలిగించే ప్రోస్టాగ్లాండిన్, గోడను కాపాడే ప్రోస్టాసైక్లిన్ రెండూ ఒకే ఎంజైము కుటుంబం చేతుల మీదుగా తయారవుతాయి. ఈ కుటుంబంలో ఇద్దరున్నారు. ప్లేట్‌లెట్లలో ఉండే మొదటి ఎంజైము రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబాక్సేన్‌కు దారి తీస్తుంది. లోపొరలో ప్రోస్టాసైక్లిన్ తయారీకి రెండో ఎంజైము ముఖ్యం. శోథపు నొప్పికి కారణమూ ఎక్కువగా అదే.

తక్కువ మోతాదు ఆస్పిరిన్ గుండె రోగులకు మేలు చేసే రహస్యం ఇక్కడే ఉంది. ఆస్పిరిన్ ఎంజైమును శాశ్వతంగా చెడగొడుతుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. కొత్త ఎంజైమును తయారు చేసుకోలేక, పది రోజుల లోపే ముగిసే తన జీవితమంతా అట్లాగే ఉండిపోతుంది. లోపొర కణానికి కేంద్రకం ఉంది. కొద్ది గంటల్లో కొత్తది తయారు చేసుకుంటుంది. అందుచేత రోజుకు 75 మిల్లీగ్రాములతో గడ్డకట్టించే సందేశం ఆగుతుంది, కాపాడే సందేశం చాలావరకు నిలుస్తుంది.

కడుపులో పుండు చేయని నొప్పి మాత్ర కోసం ఔషధ సంస్థలు రెండో ఎంజైమును మాత్రమే ఆపే మందులు తయారు చేశాయి. కడుపుకు అవి నిజంగానే మేలు. కాని గోడ దగ్గర తక్కెడ తలకిందులైంది: ప్రోస్టాసైక్లిన్ ఆగింది, థ్రాంబాక్సేన్ యథాప్రకారం సాగింది. 1999లో బజారుకు వచ్చిన రోఫెకాక్సిబ్‌ను, గుండెపోట్లు పెరుగుతున్నట్టు ఒక అధ్యయనంలో తేలడంతో 2004 సెప్టెంబరు 30న తయారీ సంస్థే ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది. ఆ పేరు ఇప్పుడు చాలామందికి గుర్తుండదు. కాని ఈ దేశంలో ఏ దుకాణంలోనైనా దొరికే డైక్లోఫెనాక్ కూడా రెండో ఎంజైమునే ఎక్కువగా ఆపుతుంది. 2013లో, ఎన్నో పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, రోజుకు 150 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్‌ను గాని, రోఫెకాక్సిబ్ కోవకు చెందిన మాత్రలను గాని ఏడాదిపాటు వాడిన ప్రతి 1000 మందిలో గుండెపోటువంటి పెద్ద ఘటనలు అదనంగా 3 కలుగుతున్నట్టు, అందులో ఒకటి మరణమైనట్టు లెక్క తేలింది. అదే సంవత్సరం ఐరోపా ఔషధ సంస్థ, గుండె జబ్బు ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి డైక్లోఫెనాక్ ఇవ్వరాదని నిర్ణయించింది. వెయ్యికి మూడు చిన్న సంఖ్యే. అప్పటికే రక్తపోటు, మధుమేహం, పొగ అలవాటు ఉన్న మనిషికి ఆ సంఖ్య చిన్నదిగా ఉండదు. పైగా ఆ మనిషే మోకాటి నొప్పితో రోజూ మాత్ర వేసుకునే వయసులో ఉంటాడు.

రెండు రోజుల పంటి నొప్పికి వైద్యులు రాసి ఇచ్చిన మాత్రను చూసి భయపడవలసిన పని లేదు. ప్రశ్న వారాలు, నెలలు సాగేదాని గురించి. డైక్లోఫెనాక్‌కు దగ్గరి బంధువైన ఎసిక్లోఫెనాక్, రోఫెకాక్సిబ్ కోవకు చెందిన ఎటోరికాక్సిబ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మాత్రల అట్టమీద పెద్ద అక్షరాలతో ఉండేది వ్యాపార నామం. దాని కింద చిన్న అక్షరాలతో ఉండేదే మందు అసలు పేరు. చదవడం కష్టమైతే దుకాణదారుని అడిగి తెలుసుకోవచ్చు, లేదా ఖాళీ అట్టను పారేయకుండా దవాఖానాకు తీసుకుపోవచ్చు. గుండెకోసం ఆస్పిరిన్ వాడేవారు ఐబుప్రొఫెన్‌ను ముందుగా వేసుకుంటే, అది ఎంజైము ద్వారంలో అడ్డంగా కూర్చొని ఆస్పిరిన్‌కు దారి ఇవ్వదు. ఆ రోజు ఆస్పిరిన్ వేసుకున్నా వేసుకోనట్టే కావచ్చు. ఈ సంగతి రోగి చెప్తే తప్ప వైద్యులకు తెలిసే మార్గం లేదు, ఎందుకంటే రెండో మాత్ర ఏ చీటీలోనూ ఉండదు.

నొప్పికి తోడుగా దుకాణాల్లో చిల్లరగా ఇచ్చే చిన్న తెల్ల మాత్ర ఒకటి ఉంటుంది. అది చాలాసార్లు డెక్సామెథసోన్‌వంటి స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఎన్ఎఫ్-కప్పా-బి దగ్గరే పట్టి ఆపుతుంది కాబట్టి ఒక్క పూటలో ఒళ్లు తేలికవుతుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం, కోవిడ్‌తో కృత్రిమ శ్వాసయంత్రంపై ఉన్నవారిలో ఈ చవకైన మందు మరణాలను మూడో వంతు తగ్గించిందని చూపింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు మాత్రం ఏ మేలూ చేయలేదు. మరుసటి ఏడు మన దేశంలో స్టెరాయిడ్లను అదుపు లేకుండా వాడిన మధుమేహ రోగుల్లో నల్ల ఫంగస్ వ్యాపించిన రోజులు ఇంకా ఎవరూ మరచిపోలేదు. నెలల తరబడి వాడితే చక్కెర, రక్తపోటు పెరిగి లోపొరకే చేటు కలుగుతుంది. ఒక్కసారిగా మానినా ప్రమాదమే, ఎందుకంటే శరీరం తన స్వంత కార్టిసోల్ తయారీని అప్పటికే తగ్గించుకొని ఉంటుంది.

వానకాలంలో ఈ నగరానికి వర్తించే సంగతి డెంగ్యూ. ఆ వైరస్ విడుదల చేసే ఒక ప్రోటీను లోపొర కణాలపై ఉండే చక్కెర పూతను చెడగొడుతుంది, కణాల అతుకులు వదులవుతాయి, రక్తంలోని నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. ఇది జరిగేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు. 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య, జ్వరం తగ్గుముఖం పట్టినప్పుడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే వేళ అది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయరాదు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరానికి వైద్యులు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. స్టెరాయిడ్లు ఆ కారడాన్ని ఆపుతాయనడానికి ఆధారం లేదు.

మందు ఏదీ లేకుండా గోడకు చల్లార్చే సందేశాలను పెంచే మార్గాలు ఉన్నాయా అంటే ఉన్నాయి, అవి కొలిచి చూపినవే. చేతికి పట్టీ కట్టి ఐదు నిమిషాలు రక్తం ఆపి వదిలితే, ఒక్కసారిగా వచ్చిన ప్రవాహానికి ధమని ఎంత విప్పారుతుందో అల్ట్రాసౌండ్‌తో చూడవచ్చు. అది లోపొర విడుదల చేసిన నైట్రిక్ ఆక్సైడ్‌కు కొలత; 1992 నుంచి ఈ పరీక్ష వాడుకలో ఉంది. పొగ తాగేవారిలో ఈ విప్పారడం తక్కువ. బీడీ అయినా సిగరెట్ అయినా పొగలోని చురుకైన పదార్థాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిన చోటే నాశనం చేస్తాయి. వేగంగా నడిచినప్పుడు రక్తం గోడను నిలకడగా ఒరుసుకుంటూ పోతుంది, ఆ ఒరిపిడే లోపొర కణాలకు నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేయమనే ఆదేశం. మగ్గం దగ్గర ఎనిమిది గంటలు నిలబడడం ఈ లెక్కలోకి రాదు; నిలబడిన కాళ్లలో రక్తం పారదు, నిలుస్తుంది. పొట్ట చుట్టూ పెరిగే కొవ్వు అడిపోనెక్టిన్ అనే మేలుచేసే అణువును తగ్గిస్తుంది. మన దేశపు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుము కొలతను వైద్యులు హెచ్చరికగా తీసుకోవడానికి ఇది ఒక కారణం.

అందరూ మరచిపోయేది చిగుళ్లు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్న 120 మందిలో సగం మందికి పళ్ల మూలాల దాకా శుభ్రం చేసే పూర్తి చికిత్స, మిగిలినవారికి మామూలు శుభ్రత మాత్రమే చేశారు. పూర్తి చికిత్స చేసిన మరునాడు వారి ధమనుల విప్పారే శక్తి తగ్గింది. చిగుళ్లలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి శోథాన్ని ఒక్కసారిగా రేపాయి. రెండు నెలలకు అది మెరుగైంది, ఆరు నెలలకు మరింత మెరుగై, చికిత్స పొందనివారిని దాటిపోయింది. పొగాకు నమలడం వల్ల, తంబాకు పొడితో పళ్లు తోమడం వల్ల చిగుళ్లు చెడినవారు ఈ పేటల్లో తక్కువేమీ కాదు. చిగుళ్ల నుంచి తోమినప్పుడల్లా రక్తం కారుతుంటే, నొప్పి లేకపోయినా పళ్ల వైద్యునికి చూపించవలసిందే.

కీళ్ల నొప్పితో ఏళ్లు నెట్టుకొస్తున్నవారు వైద్యుని దగ్గరికి పోయినప్పుడు చెప్పవలసినవి మూడు: గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఏవైనా ఉన్నాయా, చీటీ లేకుండా ఏ మాత్ర, వారానికి ఎన్ని, అవి మొదలై ఎన్నాళ్లయింది. ఆ సమాధానాలను బట్టి వైద్యులు మొదట పారాసెటమాల్‌నో, మోకాటికి పైపూతగా రాసే మందునో, తొడ కండరాన్ని బలపరిచే వ్యాయామాన్నో సూచిస్తారు. పైపూతలో మందు రక్తంలోకి చేరేది చాలా స్వల్పం కాబట్టి లోపొరకు తగిలేదీ స్వల్పమే. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, నోరు వంకర పోవడం, ఒక వైపు చేయి కాలు పడిపోవడం కనిపించినప్పుడు మాత్రం నొప్పి మాత్ర వేసి చూద్దామని ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.